ఇంజను కూలెంట్ ఎంపిక: రసాయనిక ప్రాతిపదిక, నీటి నాణ్యత

వ్యాస సంగ్రహం:

కారు ఇంజనులో తిరిగే కూలెంట్‌ను రంగును బట్టి ఎంచుకోవడం సర్వసాధారణమైన అలవాటు. వేడి ప్రాంతాల్లో ఉత్త నీళ్ళు చాలునన్న అభిప్రాయం కూడా బలంగా ఉంది. కూలెంట్ నిర్వహించే పనులు, అందులోని తుప్పు నిరోధకాల రకాలు, కలిపే నీటి నాణ్యత, మిశ్రమ నిష్పత్తి అనే నాలుగు అంశాలను పరిశీలించి, ఎంపికకు ఆధారం వాహన తయారీదారు సూచించిన ప్రమాణమే కావాలని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని భూగర్భజల కాఠిన్యం, వేసవి ఉష్ణోగ్రతలు ఈ ఎంపికపై చూపే ప్రభావం ఇందులో ప్రత్యేకంగా చర్చించబడింది.

కీలక పదాలు: కూలెంట్, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు నిరోధకాలు, కఠిన జలం, రేడియేటర్, అల్యూమినియం

1. ఉపోద్ఘాతం:

పెట్రోలు ఇంజనులో ఇంధనం మండగా వెలువడే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే ఉపయోగకరమైన పనిగా మారుతుంది. ఇంచుమించు అంతే భాగం పొగగొట్టం గుండా వేడిగా బయటికి పోతుంది. మిగిలిన వేడిలో అధికభాగాన్ని సిలిండర్ల గోడల నుంచి గ్రహించి రేడియేటర్ ద్వారా గాలికి అప్పగించే బాధ్యత శీతలీకరణ వ్యవస్థది. ఈ వ్యవస్థలో తిరిగే ద్రవమే కూలెంట్.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మోటారు బండిలో నీరు మరిగి ఆవిరైపోతూ ఇంజనును చల్లబరిచేది. తరచుగా నీళ్ళు నింపుకోవలసి వచ్చేది. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన తేనెపట్టు రేడియేటర్‌తో తక్కువ నీటినే మళ్ళీ మళ్ళీ సమర్థంగా చల్లార్చి వాడుకోవడం సాధ్యమైంది. అయితే శీతల దేశాల్లో ఆ నీరు గడ్డకట్టేది. మంచుగా మారే నీరు పరిమాణంలో సుమారు 9 శాతం పెరుగుతుంది కనుక ఇంజను దిమ్మె పగిలే ప్రమాదం ఉండేది. దీనికి విరుగుడుగా మొదట ఆల్కహాలును, 1920ల నుంచి ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటిలో కలపసాగారు. ఆ విధంగా ఈ ద్రవానికి 'యాంటీఫ్రీజ్' అన్న పేరు స్థిరపడింది.

గడ్డకట్టకుండా చూసే ద్రవం గడ్డకట్టని దేశంలో ఎందుకన్న ప్రశ్న ఈ పేరు నుంచే పుట్టింది. భారతదేశంలో దశాబ్దాలపాటు నడిచిన అంబాసిడర్ కారులో ఇంజను దిమ్మె, హెడ్ రెండూ పోత ఇనుముతో చేసినవి. ఆ మందపాటి ఇనుము కొంత తుప్పును భరించగలిగేది. కుళాయి నీళ్ళో, బోరు నీళ్ళో పోసి నడిపినా ఫలితం వెంటనే కనిపించేది కాదు. నేటి కార్లలో సిలిండర్ హెడ్, రేడియేటర్, అనేక కార్లలో ఇంజను దిమ్మె సైతం అల్యూమినియంతో తయారవుతున్నాయి. రేడియేటర్ గొట్టాల గోడలు మిల్లీమీటరులో భాగమంత పలుచన. లోహం మారినా నీళ్ళు పోసే అలవాటు మాత్రం కొనసాగుతోంది. ఈ పరిస్థితిలో కూలెంట్ ఎంపికను శాస్త్రీయంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. కూలెంట్ నిర్వహించే పనులు:

2.1. ఉష్ణాన్ని మోయడం:

ఉష్ణాన్ని మోయడంలో నీటికి సాటివచ్చే సాధారణ ద్రవం లేదు. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్ళ శక్తి కావాలి. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ సమపాళ్ళలో ఉన్న మిశ్రమానికి ఈ విలువ సుమారు 3.4 మాత్రమే. అంటే గ్లైకాల్ కలిపినప్పుడు ద్రవానికి ఉష్ణాన్ని మోసే శక్తి తగ్గుతుంది. ఈ దృష్టితో మాత్రమే చూస్తే నీళ్ళు చాలునన్న వాదం సమంజసంగానే తోస్తుంది. కూలెంట్ నిర్వహించే మిగతా రెండు పనులను కూడా పరిగణించినప్పుడు ఆ వాదం నిలవదు.

2.2. మరగకుండా నిలవడం:

సాధారణ వాతావరణ పీడనంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. సమపాళ్ళ మిశ్రమం సుమారు 107 డిగ్రీల వద్ద మరుగుతుంది. రేడియేటర్ మూత, ప్రెషర్ కుక్కర్ మూతలాగే, లోపలి పీడనాన్ని పెంచి మరుగుస్థానాన్ని మరింత పైకి నెడుతుంది. మూత ఒక బార్ అదనపు పీడనాన్ని నిలిపినప్పుడు నీరు సుమారు 120 డిగ్రీల వద్ద, మిశ్రమం సుమారు 129 డిగ్రీల వద్ద మరుగుతాయి.

ఈ తేడా వేసవిలో కీలకమవుతుంది. రేడియేటర్ వదిలే వేడి, ద్రవానికీ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదం మీద ఆధారపడి ఉంటుంది. ద్రవం 90 డిగ్రీల వద్ద, గాలి 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ఆ భేదం 65 డిగ్రీలు. రామగుండంలోనో, రెంటచింతలలోనో ఎండాకాలపు మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు భేదం 45 డిగ్రీలకు పడిపోతుంది. అంటే అదే రేడియేటర్, అదే గాలి వేగం ఉన్నప్పటికీ వేడిని వదిలే శక్తి దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఏ.సి. వేసుకొని, ట్రాఫిక్‌లో నిలిచి ఉన్న కారుకు ఈ స్థితిలో మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ద్రవం మరిగి ఆవిరి పొర ఏర్పడితే లోహానికి ద్రవం తగలదు. అక్కడ హెడ్ వంకర తిరగవచ్చు, హెడ్ గాస్కెట్ పోవచ్చు. మరుగుస్థానంలో పెరిగే ఆ కొద్ది డిగ్రీలు అటువంటి సమయంలో ఇంజనుకు రక్షణగా నిలుస్తాయి. కనుక గ్లైకాల్ చలిదేశాలకే పరిమితమైన అవసరం కాదని స్పష్టమవుతోంది.

2.3. తుప్పును నిరోధించడం:

ఒకే ద్రవంలో అల్యూమినియం, ఇనుము, రాగి వంటి భిన్న లోహాలు మునిగి ఉన్నప్పుడు ఆ వ్యవస్థ ఒక విద్యుత్ ఘటంలా ప్రవర్తిస్తుంది. విద్యుత్ రసాయన శ్రేణిలో అల్యూమినియం చురుకైన లోహం కనుక, రక్షణ పొర చెదిరినచోట అదే ముందుగా క్షయానికి గురవుతుంది. నీటిలోని క్లోరైడులు ఆ పొరను ఛేదించి సూదిమొనంత రంధ్రాలు చేస్తాయి. పైగా గ్లైకాల్ కాలక్రమంలో ఆక్సీకరణ చెంది గ్లైకాలిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా మారుతుంది. నిరోధకాలు లేని గ్లైకాల్ తనంతట తానే తుప్పుకు కారణమవుతుందన్నమాట. వాటర్ పంపు వద్ద ఏర్పడి పేలే ఆవిరి బుడగలు కూడా లోహాన్ని కొరుకుతాయి. ఈ మూడింటినీ అదుపులో ఉంచేవి కూలెంట్‌లో కొద్ది శాతంగా మాత్రమే ఉండే తుప్పు నిరోధకాలు. ఒక కూలెంట్‌కూ మరొక కూలెంట్‌కూ ఉన్న అసలు భేదం కూడా ఈ నిరోధకాలలోనే ఉంది.

3. తుప్పు నిరోధకాలు - రకాలు:

నిరోధకాల ఆధారంగా కూలెంట్లను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటిది అకర్బన లవణాల వర్గం. దీనిని ఐ.ఏ.టి. అంటారు. సిలికేట్లు, ఫాస్ఫేట్లు, బోరేట్లు, నైట్రైట్ల వంటి లవణాలు లోహ ఉపరితలమంతటా త్వరగా రక్షణ పొరను పరుస్తాయి. అయితే ఆ క్రమంలో అవి ఖర్చవుతాయి. అందువల్ల దాదాపు రెండేళ్ళకొకసారి ద్రవాన్ని మార్చవలసి వస్తుంది.

రెండవది కర్బన ఆమ్లాల వర్గం, అంటే ఓ.ఏ.టి. సెబాసిక్ ఆమ్లం, 2-ఇథైల్ హెక్సనోయిక్ ఆమ్లం మొదలైన వాటి లవణాలు ఇందులో ఉంటాయి. ఇవి ఉపరితలమంతటా మందపాటి పొర పరచవు. తుప్పు మొదలయ్యే చోట మాత్రమే పనిచేస్తాయి. నెమ్మదిగా ఖర్చవుతాయి కనుక ఐదేళ్ళు, అంతకు మించి మన్నే ద్రవాలు ఈ వర్గంలో ఉన్నాయి. పాత రాగి-ఇత్తడి రేడియేటర్లలోని సీసపు టంకానికి మాత్రం కొన్ని ఓ.ఏ.టి. ద్రవాలు తగిన రక్షణ ఇవ్వవు. కొత్తది కనుక అన్ని కార్లకూ మేలైనదన్న భావన సరికాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మూడవది సంకర వర్గం. కర్బన ఆమ్లాలకు కొద్దిపాటి అకర్బన లవణాన్ని జోడించి, త్వరిత రక్షణను, దీర్ఘకాలపు మన్నికను రెండింటినీ సాధించే ప్రయత్నం ఇది. ఇందులో ప్రాంతీయ భేదం ఆసక్తికరమైనది. ఐరోపా తయారీదారులు సిలికేట్లను చేర్చి ఫాస్ఫేట్లను పరిహరించారు. అక్కడి కఠిన జలంలోని కాల్షియంతో ఫాస్ఫేటు కలిసి కరగని అవక్షేపంగా మారడం దీనికి ప్రధాన కారణం. జపాన్, కొరియా తయారీదారులు ఇందుకు భిన్నంగా ఫాస్ఫేట్లను స్వీకరించి, వాటర్ పంపు సీళ్ళ అరుగుదలను దృష్టిలో ఉంచుకొని సిలికేట్లను పరిహరించారు. జపాన్‌లో లభించే నీరు సాధారణంగా మృదుజలం కావడం వల్ల వారికి ఫాస్ఫేటుతో ఇబ్బంది తలెత్తలేదు. ఒక ప్రాంతపు నీటి స్వభావం ఆ ప్రాంతపు కూలెంట్ రసాయనాన్ని నిర్ణయించిన తీరు ఇక్కడ గమనార్హం.

4. రంగు ప్రమాణమా?:

కూలెంట్‌కు రంగు సహజమైనది కాదు. లీకులను గుర్తించడానికీ, తాగే ద్రవంగా పొరబడకుండా ఉండడానికీ తయారీదారులు రంగు కలుపుతారు. ఏ రసాయనానికి ఏ రంగు వాడాలన్న సార్వత్రిక నియమం లేదు.

ఉదాహరణకు టయోటా దీర్ఘకాలిక కూలెంట్ గులాబీ రంగులోను, హోండా టైప్-2 కూలెంట్ నీలి రంగులోను ఉంటాయి. రంగులు వేరైనా రెండూ ఫాస్ఫేటుతో కూడిన కర్బన ఆమ్ల ద్రవాలే. దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఆకుపచ్చ రంగు. అమెరికాలో దశాబ్దాలపాటు వాడిన సంప్రదాయ ఐ.ఏ.టి. కూలెంట్ ఆకుపచ్చనిది, మాజ్దా సంస్థ వాడే ఎఫ్.ఎల్.22 అనే దీర్ఘకాలిక సంకర కూలెంట్ కూడా ఆకుపచ్చనిదే. ఒకే రంగు వెనుక రెండు భిన్న రసాయనాలు ఉన్నాయి.

పొరపాటు మిశ్రమం ఎంత దూరం వెళ్ళగలదో ఫోక్స్‌వాగన్ ఉదంతం తెలియజేస్తుంది. ఆ సంస్థ తొలుత సిలికేటు ఉన్న జి11 ద్రవాన్ని నీలి-ఆకుపచ్చ రంగులో వాడింది. 1990లలో సిలికేటు లేని ఎర్రటి జి12ను ప్రవేశపెట్టింది. ఈ రెండూ కలిసినప్పుడు ద్రవం గోధుమ రంగుకు తిరిగి బురదలా మారేది. అందువల్ల రెండింటినీ కలపరాదని సంస్థ హెచ్చరించవలసి వచ్చింది. ఆ తరువాత వచ్చిన జి12 ప్లస్‌ను పాత ద్రవాలతో పొసగేలా రూపొందించారు. దీన్నిబట్టి, డబ్బాలో కనిపించే రంగును చూసి అదే రంగు ద్రవాన్ని కొనడం నమ్మదగిన పద్ధతి కాదని తేలుతోంది.

5. ప్రమాణ సంఖ్యలు తెలిపేది ఏమిటి?:

భారతదేశంలో అమ్మే కూలెంట్ డబ్బాల మీద సాధారణంగా ఐ.ఎస్. 5759, జె.ఐ.ఎస్. కె 2234, బి.ఎస్. 6580, ఏ.ఎస్.టి.ఎం. డి 3306 అనే సంఖ్యలు కనిపిస్తాయి. ఇవి క్రమంగా భారతీయ, జపాన్, బ్రిటిష్, అమెరికన్ ప్రమాణాలు. వీటి వెనుక కఠినమైన పరీక్షలున్నాయి. ఏ.ఎస్.టి.ఎం. డి 1384 అనే పరీక్షలో రాగి, టంకం, ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము, పోత అల్యూమినియం అనే ఆరు లోహపు ముక్కలను 88 డిగ్రీల వేడిలో 336 గంటలపాటు, అంటే పద్నాలుగు రోజులు, కూలెంట్‌లో ఉంచి అందులోకి గాలి బుడగలు పంపుతారు. పలుచన చేయడానికి వాడే నీటిలో కావాలనే క్లోరైడు, సల్ఫేటు, బైకార్బొనేటులను లీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కలుపుతారు. చివరకు ప్రతి ముక్క కోల్పోయిన బరువును తూచి కూలెంట్ యోగ్యతను నిర్ణయిస్తారు.

అయితే ఈ ప్రమాణాలు కనీస యోగ్యతను మాత్రమే సూచిస్తాయి. ఒక ప్రత్యేక ఇంజనులోని గాస్కెట్లు, సీళ్ళు, ప్లాస్టిక్ భాగాలతో ఆ ద్రవం పొసగుతుందో లేదో తెలిపేది వాహన తయారీదారు ఇచ్చే ప్రత్యేక అనుమతి. కాబట్టి ఓనర్స్ మాన్యువల్‌లో పేర్కొన్న ప్రమాణం డబ్బా మీద ఉన్నదా అన్నది మొదట చూడాలి. 'అన్ని కార్లకు' అన్న ప్రకటనకు ఈ అనుమతితో సమానమైన విలువ ఇవ్వలేము.

6. నీటి నాణ్యత - తెలుగు ప్రాంతాల సందర్భం:

కూలెంట్ డబ్బా మీద ఎంత శ్రద్ధ చూపినా, మిశ్రమంలో సగమో అంతకన్నా ఎక్కువో ఉండేది నీరే. తాగడానికి యోగ్యమైన నీరు ఇంజనుకూ యోగ్యమేనన్న ఊహ ఇక్కడ తరచుగా ఎదురవుతుంది.

భారతీయ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో కాఠిన్యం 200 మిల్లీగ్రాములు, క్లోరైడు 250 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట కాఠిన్యాన్ని 600 వరకు, క్లోరైడును 1000 వరకు అనుమతిస్తారు. భారీ ఇంజన్ల తయారీసంస్థ కాటర్‌పిల్లర్ తన శీతలీకరణ వ్యవస్థలకు వాడే నీటిలో కాఠిన్యం 170, క్లోరైడు 40 మిల్లీగ్రాములు దాటరాదని నిర్దేశించింది. క్లోరైడు విషయంలో తాగునీటి పరిమితి ఇంజను పరిమితికి ఆరు రెట్లకు పైగా ఉంది. నాలుకకు రుచించే నీరు అల్యూమినియానికి హాని చేయగలదని ఈ పోలిక తెలుపుతుంది.

దక్కను పీఠభూమిలోని గ్రానైటు శిలల్లో నిలిచే బోరు నీళ్ళు చాలాచోట్ల కఠిన జలాలే. తీర ప్రాంతపు బావుల్లో ఉప్పదనం మరో సమస్య. కఠిన జలం వేడెక్కినప్పుడు అందులోని బైకార్బొనేట్లు విడిపోయి కాల్షియం కార్బొనేటు పేరుకుంటుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున మిగిలే తెల్లటి పొర అదే. ఇంజనులో ఈ పొర అత్యంత వేడిగా ఉండే గోడల మీదనే, అంటే చల్లదనం అత్యవసరమైన చోటనే, ఏర్పడుతుంది. అల్యూమినియంతో పోలిస్తే ఈ పొర ఉష్ణవాహకత ఎన్నో రెట్లు తక్కువ. మూత సరిగా బిగియక నీరు ఆవిరైపోతున్నప్పుడు మళ్ళీ మళ్ళీ బోరు నీళ్ళు నింపితే, లవణాలు లోపలే మిగిలి గాఢత పెరుగుతుంది.

మన రోడ్ల మీద తిరిగే కార్లలో టయోటా, హోండా, హ్యుందాయ్ వంటి జపాన్, కొరియా సంస్థలవి గణనీయంగా ఉన్నాయి. ఈ సంస్థలు సూచించేది ఫాస్ఫేటుతో కూడిన కూలెంట్. మృదుజలాన్ని ఉద్దేశించిన ఆ రసాయనంలో దక్కను బోరు నీళ్ళు కలిపినప్పుడు, ఐరోపా తయారీదారులు ఏ అవక్షేపానికి వెరచి ఫాస్ఫేటును పరిహరించారో సరిగ్గా అదే ఇక్కడ ఏర్పడే అవకాశం ఉంది. ఇందువల్ల రెండు నష్టాలు: అవక్షేపం సన్నని గొట్టాలను మూసివేస్తుంది, అల్యూమినియాన్ని కాపాడవలసిన ఫాస్ఫేటు ఖర్చైపోతుంది. సరైన కూలెంట్ కొని తప్పుడు నీళ్ళు కలిపితే ఫలితం దక్కదు.

కాబట్టి వాడవలసినది స్వేదనజలం లేదా లవణాలు తొలగించిన నీరు. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ దుకాణాల్లో బ్యాటరీ నీళ్ళుగా అమ్మేది ఇదే. అయితే బ్యాటరీ యాసిడ్ వేరు. అది సల్ఫ్యూరిక్ ఆమ్లం. రెంటినీ పొరబడరాదు. ఇంట్లోని ఆర్.ఓ. నీరు బోరు నీటికన్నా మేలైనదే కానీ, అనేక ఆర్.ఓ. యంత్రాలు రుచి కోసం కొంత లవణాన్ని తిరిగి కలుపుతాయి కనుక దానిని స్వేదనజలంతో సమానంగా పరిగణించలేము.

7. మిశ్రమ నిష్పత్తి:

కూలెంట్ రెండు రూపాల్లో లభిస్తుంది: నీరు కలపవలసిన గాఢద్రవం, నేరుగా పోయగల సిద్ధమిశ్రమం. డబ్బా మీద ఏది రాసి ఉన్నదో చూడకుండా సిద్ధమిశ్రమానికి మళ్ళీ నీరు కలపడం తరచుగా జరిగే పొరపాటు.

సమపాళ్ళ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో నివసించే తెలుగువారికి ఇది ప్రాణావసరం. తెలుగు రాష్ట్రాల్లో అంత రక్షణ అవసరం లేదు. అందుకే ఇక్కడ 30 శాతం గాఢత ఉన్న మిశ్రమాలు కూడా అమ్ముడవుతాయి. అయితే గ్లైకాల్‌తో పాటు నిరోధకాలు కూడా పలుచబడతాయన్నది మరువరాదు. తయారీదారు సూచించిన గాఢతకు దిగువకు వెళ్ళకూడదు. గాఢద్రవాన్ని నీరు కలపకుండా పోయడం కూడా తప్పే. శుద్ధ ఇథిలీన్ గ్లైకాల్ సుమారు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. ఉష్ణాన్ని మోసే శక్తి కూడా అందులో బాగా తక్కువ.

పాత ద్రవం పూర్తిగా ఖాళీ కాదన్నది మరో విషయం. ఉదాహరణకు వ్యవస్థ సామర్థ్యం 6 లీటర్లు అనుకుందాం. స్వేదనజలంతో కడిగి వదిలినప్పుడు 4 లీటర్లే బయటికి వచ్చి, 2 లీటర్ల నీరు ఇంజనులో మిగిలిందనుకుందాం. ఇప్పుడు 4 లీటర్ల 50 శాతం సిద్ధమిశ్రమం పోస్తే అందులోని గ్లైకాల్ 2 లీటర్లే. అంటే 6 లీటర్లలో 33 శాతం. అదే 3 లీటర్ల గాఢద్రవం, 1 లీటరు స్వేదనజలం పోస్తే ఆశించిన 50 శాతం వస్తుంది. సిద్ధమిశ్రమం సౌకర్యవంతమైనదే కానీ, కడిగిన తరువాత మిగిలే నీటిని లెక్కలోకి తీసుకోవాలి.

గాఢతను రిఫ్రాక్టోమీటరుతో కొలవవచ్చు. అయితే అది గ్లైకాల్ శాతాన్ని మాత్రమే చెబుతుంది. నిరోధకాలు మిగిలి ఉన్నాయో లేదో చెప్పదు. గ్లైకాల్ సరిపడా ఉన్నప్పటికీ నిర్ణీత గడువుకు కూలెంట్ మార్చవలసిన కారణం ఇదే.

8. ఎంపికలో పాటించదగిన క్రమం:

పై చర్చను అనుసరించి ఎంపిక క్రమాన్ని ఇలా సూత్రీకరించవచ్చు.

1) మాన్యువల్‌లో పేర్కొన్న ప్రమాణ సంఖ్యను, మార్పు గడువును నోట్ చేసుకోవాలి.
2) ఆ ప్రమాణం స్పష్టంగా ముద్రించిన డబ్బాను ఎంచుకోవాలి. రంగు పోలికను ఆధారంగా తీసుకోరాదు.
3) గాఢద్రవమా, సిద్ధమిశ్రమమా అన్నది చూడాలి. నీటి నాణ్యతపై నమ్మకం లేనిచోట సిద్ధమిశ్రమం ఉత్తమం.
4) ఇంజనులో ఏ ద్రవం ఉన్నదో తెలియనప్పుడు పైపైన నింపడం కన్నా, పూర్తిగా వదిలి, స్వేదనజలంతో కడిగి కొత్తది పోయడం మంచిది.
5) దారిలో కూలెంట్ తగ్గి వేరే మార్గం లేనప్పుడు నీళ్ళు పోయవచ్చు. కానీ ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పోయాలి; గమ్యం చేరాక లీకును సరిచేయించి ద్రవాన్ని మార్పించాలి.
6) విద్యుత్ కార్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం వేరుగా ఉండవచ్చు. కొన్నింటికి విద్యుద్వాహకత తక్కువగా ఉన్న ప్రత్యేక కూలెంట్ అవసరం. వాటిలో సాధారణ కూలెంట్‌ను, కుళాయి నీటిని వాడరాదు.

9. భద్రతాంశాలు:

వేడి ఇంజను రేడియేటర్ మూత తీసినప్పుడు పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. 100 డిగ్రీలు దాటిన ద్రవం తక్షణమే మరిగి పైకి చిమ్ముతుంది. తీవ్రమైన కాలిన గాయాలకు ఇది కారణం.

అంతకంటే మౌనమైన ప్రమాదం ఇథిలీన్ గ్లైకాల్ విషస్వభావం. అది తియ్యగా ఉంటుంది. కాలేయంలో గ్లైకాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలుగా మారి, కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలుగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొద్ది మోతాదు కూడా ప్రాణాంతకం కావచ్చు. మిగిలిన కూలెంట్‌ను ఖాళీ మంచినీళ్ళ సీసాల్లోను, శీతల పానీయాల సీసాల్లోను పోసి దాచే అలవాటు అందువల్ల అత్యంత ప్రమాదకరం. పిల్లలు, కుక్కలు, పిల్లులు ఆ తీపికి ఆకర్షితులవుతారు. పొరపాటున ఎవరైనా తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఫోమెపిజోల్ వంటి విరుగుడు మందులు తొలి గంటల్లోనే ఎక్కువ ఫలితమిస్తాయి. వదిలిన పాత ద్రవాన్ని నేలమీద, మురుగు కాలువలో పారబోయకుండా సర్వీసు కేంద్రానికి అప్పగించాలి.

10. ముగింపు:

కూలెంట్ ఎంపిక చూడటానికి చిన్న విషయమే అయినా, అందులో లోహశాస్త్రం, విద్యుత్ రసాయనం, భూగర్భజల స్వభావం కలిసి ఉన్నాయి. వేడి దేశంలో నీరు చాలునన్న అభిప్రాయం పోత ఇనుప ఇంజన్ల కాలానికి చెందినది. నేటి అల్యూమినియం ఇంజనుకు ఆ అభిప్రాయం నష్టదాయకం. రంగు ఏ రసాయనానికీ గుర్తు కాదు. మాన్యువల్‌లోని ప్రమాణమే నమ్మదగిన ఆధారం. కఠిన జలం విస్తారంగా ఉన్న తెలుగు ప్రాంతాల్లో, ప్రత్యేకించి ఫాస్ఫేటు కూలెంట్ వాడే కార్ల విషయంలో, డబ్బా ఎంపికకు ఇచ్చినంత ప్రాధాన్యాన్ని నీటి ఎంపికకూ ఇవ్వాలి. రెండు మూడు లీటర్ల స్వేదనజలానికి అయ్యే ఖర్చు, చెడిపోయిన హెడ్ గాస్కెట్‌కు అయ్యే ఖర్చు ముందు అత్యల్పం.